పత్తి చేలు, యాసంగి నాట్లు, ఆదివారం ఆరాధన: పల్లె సంఘాన్ని ఏడాది పొడవునా నడపడం ఎలా

పరకాల, నర్సంపేట, భూపాలపల్లి వైపు ఏ పల్లె సంఘానికి వెళ్లినా దసరా దాటిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా చర్చిలో చాపలు సగం ఖాళీగానే ఉంటాయి. "విశ్వాసం చల్లారిపోయింది" అని పుల్పిట్ ఎక్కి గద్దించేవాళ్లు ఉన్నారు. చల్లారిందేమీ లేదు, పత్తి పగిలింది. కిలో లెక్కన కూలి పడే రోజులవి. ఏరకుండా వదిలేసిన పత్తి మీద ఒక్క వాన పడితే రంగు మారుతుంది, మార్కెట్‌లో ధర పడిపోతుంది. ఆ ఇంటివాళ్లు పొద్దున తొమ్మిదిన్నరకు చర్చికి రాలేదంటే కారణం వెతకాల్సింది వాళ్ల గుండెలో కాదు, మనం పెట్టిన టైములో.

పాస్టరేటు (ఒక పాస్టరు చూసుకునే ఊళ్ల సంఘాలన్నీ కలిపి) కమిటీల్లో ఉన్నవాళ్ల కోసం, సంఘ పెద్దల కోసం, అయ్యగారు (పాస్టరు) రాని ఆదివారాల్లో ఆరాధన నడిపేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) పద్ధతి మనసులో పెట్టుకుని రాసినా, కథోలిక విచారణల్లోనూ (పారిష్‌లు) బాప్టిస్టు సంఘాల్లోనూ దీన్ని తేలిగ్గానే మలుచుకోవచ్చు. అడుగులన్నిటి వెనకా ఉన్న మాట ఒక్కటే: ముందు జనం పొలం క్యాలెండర్ చూడండి, ఆ తర్వాతే చర్చి క్యాలెండర్ రాయండి.

మొదటి అడుగు: ఇంటింటి రిజిస్టర్

చాలా సంఘాల్లో ఉండేది చందాల రిజిస్టర్. ఎవరు ఎంత ఇచ్చారో అందులో దొరుకుతుంది గానీ, ఎవరు ఎలా ఉన్నారో దొరకదు. కొత్తగా ఒక లాంగ్ బుక్ కొని ఇంటికో పేజీ పెట్టండి. ఇంట్లో ఎంతమంది, ఎవరు ఎక్కడ పని చేస్తున్నారు, సింగరేణిలో అయితే ఏ షిఫ్టు, కాజీపేట రైల్వేలో అయితే వారాంతపు సెలవు ఏ రోజు, హైదరాబాద్‌లో ఉన్నదెవరు, గల్ఫ్‌లో ఉన్నదెవరు, చదవడం వచ్చినవాళ్లెవరు, మంచంలో ఉన్నవాళ్లెవరు, బడి మానేసిన పిల్లలెవరు రాయండి. బ్లడ్ గ్రూప్‌కు ఒక గడి తప్పకుండా ఉంచండి. వరంగల్ ఎంజీఎంలో ఎవరికైనా ఆపరేషన్ అన్నరోజు మొదట అడిగేది అదే.

ఈ పని ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి చేస్తే కుదరదు. ఇద్దరిద్దరు కలిసి మాపటివేళ ఇళ్లకు వెళ్లాలి. ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అయితే లోపలికి రమ్మంటారు, లేకపోతే వాకిట్లోనే కుర్చీ వేస్తారు. వెళ్లిన ఇంట్లో చందా మాట ఎత్తొద్దు. ఎత్తారంటే ఆ ఏడాదికి ఆ రిజిస్టర్ మూసేసినట్టే.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని తర్వాతి సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను మన రాష్ట్రంలో బీసీ-సి (వెనకబడిన తరగతుల్లో ఒక గ్రూపు) కింద లెక్కిస్తారు. పిల్లల చదువు, ఉద్యోగం, సర్టిఫికెట్ విషయంలో ఏ ఇంటి పరిస్థితి ఆ ఇంటిది, వాళ్ల నిర్ణయం వాళ్లది. కాబట్టి రిజిస్టర్ అయ్యగారి దగ్గర, సెక్రటరీ దగ్గర తప్ప మూడో చేతికి పోకూడదు. బాప్తిస్మం ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు ఉంటే ఇవాళే ఆపేయండి. ఫొటోలో ఉన్నవాళ్లు అడిగి పెట్టించుకుంటే అది వేరే సంగతి.

రెండో అడుగు: రెండు క్యాలెండర్లు ఒకే కాగితం మీద

డ్రాయింగ్ షీట్ తెచ్చి పన్నెండు గడులు గీయండి. పై వరసలో పొలం పనులు, కింది వరసలో చర్చి పండుగలు. పై వరస నింపడానికి అయ్యగారిని అడగొద్దు, సంఘంలో రైతు కూలీలుగా ఉన్న అక్కలను కూర్చోబెట్టుకోండి. మన దిక్కు సుమారుగా ఇలా తేలుతుంది: జూన్, జూలైలో పత్తి విత్తనాలు, కలుపు. జూలై, ఆగస్టులో వరి నాట్లు. అక్టోబరు నడిమి నుంచి జనవరి దాకా పత్తి ఏరుడు. నవంబరులో వానాకాలం వరి కోత. డిసెంబరు, జనవరిలో యాసంగి నాట్లు. సంక్రాంతి నుంచి ఏప్రిల్ దాకా మిరప ఏరుడు. ఏప్రిల్, మేలో యాసంగి కోతలు, వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల దగ్గర వడ్ల కుప్పలకు కాపలా.

ఇప్పుడు కింది వరస రాస్తే చిక్కులన్నీ బయటపడతాయి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు నలభై రోజులు ఎప్పుడూ మిరప ఏరుడులోనే పడతాయి. ఈస్టరు మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎక్కడైనా రావచ్చు. ఆలస్యంగా వచ్చిన ఏడాది గుడ్ ఫ్రైడే నేరుగా వరికోతలో దిగుతుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన పెట్టి "మనుషులు లేరు" అనుకునే బదులు, ఆ మూడు గంటల ఆరాధన ముసలివాళ్లకు, పిల్లలకు ఉంచి, రాత్రి ఏడున్నరకు గంట సేపు సిలువ ధ్యానం ఇంకొకటి పెట్టండి. పొలం నుంచి వచ్చి స్నానం చేసి జనం కూర్చుంటారు. చెప్పబోయే ఏడు మాటల్లో రెండే చెప్పినా నష్టం లేదు.

కోత పండుగ సంగతి వేరు. డయోసిస్ (బిషప్ ఆఫీసు) నుంచి తేదీ వచ్చిందని నవంబరు మొదటి వారంలో పెట్టేస్తే వడ్లు ఇంకా కల్లంలోనే ఉంటాయి, పైసలు చేతికి రావు. అయ్యగారితో మాట్లాడి రెండు, మూడు వారాలు జరపండి. ఆరాధన అయ్యాక జరిగే వేలం పాట గురించి కూడా ఒకసారి కూర్చుని ఆలోచించాలి. గుమ్మడికాయ, నాటుకోడి, బియ్యం బస్తా, అరటి గెల వరసగా పెట్టి పాట మొదలవుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన కాంట్రాక్టర్ అన్న గుమ్మడికాయను రెండు వేలకు పాడతాడు, అందరూ చప్పట్లు కొడతారు. ఆ గుమ్మడికాయ తెచ్చిన అవ్వ మాత్రం వెనక కూర్చుని ఒక్క వస్తువుకూ నోరు తెరవదు. వేలం ఉండనీయండి, ఆ రోజు సరదా అదే. కాకపోతే పది వస్తువులు పక్కన తీసి, మార్కెట్ ధరకంటే తక్కువకు, పాట లేకుండా అమ్మే ఒక బల్ల పెట్టండి.

మూడో అడుగు: ఆదివారం ఆరాధన

పాస్టరేటులో నాలుగైదు ఊళ్లు ఉంటే అయ్యగారు ప్రతి ఊరికీ ప్రతివారం రాలేరు. సంస్కారం (ప్రభు భోజనం) ఉన్న ఆదివారం నిండుగా, మిగతా మూడు ఆదివారాలు ఏదో నెట్టుకొచ్చినట్టుగా నడిచే సంఘాలే ఎక్కువ. సంఘం ఎలా ఉందో తెలిసేది ఆ మూడు ఆదివారాల్లోనే.

టైముతో మొదలుపెట్టండి. పత్తి నెలల్లో పొద్దున ఆరున్నరకు ఒక గంట ఆరాధన పెడితే ఎనిమిదిన్నరకల్లా జనం చేలో ఉంటారు. జనవరి చివరి నుంచి మళ్లీ తొమ్మిదిన్నరకు మార్చుకోవచ్చు. మార్చినప్పుడు ఒక్క వారం కాదు, ముందు నెల నుంచే ఇంటింటికీ చెప్పాలి.

తర్వాత వాక్యపఠనం. చర్చి ఏడాది క్యాలెండర్ పుస్తకమైన ఆల్మనాక్‌లో ప్రతి ఆదివారానికీ పాత నిబంధన, పత్రిక (అపొస్తలుల ఉత్తరం), సువార్త అని మూడు పాఠాలుంటాయి. సాధారణంగా ఏమవుతుందంటే, ఆరాధన మొదలయ్యాక ఎవరినో సైగ చేసి పిలుస్తారు, వాళ్లు పేజీలు తిప్పుతూ మైకు ముందుకు వస్తారు, గ్రాంథిక భాషలో నాలుగు చోట్ల తడబడతారు. వినేవాళ్లకు ఏమీ అందదు. బుధవారంకల్లా ముగ్గురికి పాఠాలు పంచండి. శనివారం మాపు ఆ ముగ్గురూ ఒకసారి బిగ్గరగా చదవాలి, మరొకరు పుస్తకం మూసి వినాలి. విన్న మనిషి కథ తిరిగి చెప్పగలిగితే ఆ చదువు సరిపోయినట్టే. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు దీన్ని పెద్దలకంటే బాగా చేస్తారు, వాళ్లకు అవకాశం ఇవ్వండి.

పాటల విషయంలో గొడవ ప్రతి సంఘంలోనూ ఉన్నదే. పెద్దవాళ్లకు కీర్తనలు కావాలి, కుర్రాళ్లకు కీబోర్డు, రిథమ్ ప్యాడ్ కావాలి. నా అభిప్రాయం అడిగితే, ఆరాధన క్రమంలో కీర్తనలు, కానుకల సమయంలోనూ ఆరాధనకు ముందు పావుగంటా కొత్త పాటలు. సౌండ్ బాక్సు మాత్రం సగానికి తగ్గించండి. ముప్పై మంది కూర్చునే గదిలో సంఘం పాడే గొంతు సంఘానికే వినపడకపోతే అది కచేరీ. డప్పు, తాళాలు ఉన్న ఊళ్లో వాటిని బయట పెట్టి కీబోర్డుకు అప్పు చేయడం నాకైతే అర్థం కాదు. మన పక్కనే డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కాలంలోనే తెలుగు కీర్తనలు, కాలక్షేపాలు (పాటలతో కథ చెప్పడం) ఆరాధనలోకి వచ్చాయి. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి కెథెడ్రల్‌ను చూస్తే, కట్టడంలో కూడా ఈ నేల పోకడలే కనిపిస్తాయి.

శాంతి ఇచ్చిపుచ్చుకునే భాగాన్ని హడావుడిగా దాటేయకండి. 1950లో వచ్చిన సీఎస్ఐ సంస్కార క్రమంలో దాన్ని సిరియన్ క్రైస్తవుల సంప్రదాయం నుంచి తీసుకుని, ఒకరి చేతుల నుంచి ఒకరి చేతుల్లోకి అందించేలా పెట్టారు. తర్వాత ఇతర దేశాల సంఘాలు దీన్ని చూసి నేర్చుకున్నాయి. గట్టు పంచాయితీలో మాటలు మానుకున్న అన్నదమ్ములు ఒకే వరసలో కూర్చునే ఊళ్లో, ఆ అరనిమిషం ప్రసంగంకంటే బరువైనది. ప్రసంగం ఇరవై నిమిషాలు దాటకుండా చూసుకుంటే చాలు, దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

నాలుగో అడుగు: వాడ కూడికలు

ఎదుగుదల అనేది నిజంగా జరిగేది ఇక్కడ. ఎనిమిది, పది ఇళ్లకు ఒక కూడిక, వారానికొకసారి, రాత్రి ఎనిమిదికి మొదలై ముప్పావుగంటలో అయిపోవాలి. టీ, బిస్కెట్లు వద్దని మొదటిరోజే తీర్మానించండి. ఒక ఇంట్లో టీ ఇస్తే మరో ఇంట్లో మిర్చి బజ్జీ పెడతారు, మూడో ఇంట్లో స్తోమత లేక "మా ఇంట్లో వద్దులే అయ్యగారూ" అంటారు.

కూడికలో చిన్న ప్రసంగం చెప్పించడం తేలిక, అందుకే అందరూ అదే చేస్తారు. దానికి బదులు, దక్షిణాఫ్రికాలోని లుమ్కో సంస్థ కథోలిక చిన్న సంఘాల కోసం తయారుచేసిన ఏడు మెట్ల పద్ధతి వాడండి. ప్రభువును ఆహ్వానించే ప్రార్థన. వాక్యం చదవడం. మనసుకు తగిలిన మాటనో చిన్న ముక్కనో ఎవరికి వాళ్లు బయటికి పలకడం. కొన్ని నిమిషాలు నిశ్శబ్దం. ఆ మాట ఎందుకు తగిలిందో పంచుకోవడం. ఈ వారం మనం కలిసి చేయాల్సిన పని ఏమిటో తేల్చుకోవడం. చివరికి ప్రార్థన. ఇందులో పండితుడి అవసరం లేదు. చదవడం రాని మనిషి కూడా విని ఒక మాట పట్టుకోగలడు.

ఒక కూడిక ఎలా సాగుతుందో చూడండి. మార్కు సువార్త నాలుగో అధ్యాయం, 26 నుంచి 29 దాకా వచనాలు, విత్తనం దానంతటదే పెరిగే ఉపమానం. రెండుసార్లు చదివారు. మూడో మెట్టులో ఒకరు "కొడవలి" అన్నారు, ఇంకొకరు "రాత్రింబగళ్లు" అన్నారు. మూలన గోడకు ఆనుకుని కూర్చున్న అవ్వ "వానికి తెలియని రీతిగా" అంది, మళ్లీ ఒకసారి అంది. నిశ్శబ్దం తర్వాత ఎందుకని అడిగితే, "మా పెద్దోడు దుబాయ్ పోయినంక ఫోన్ల ప్రార్థన చేస్తుండట. ఇక్కడున్నప్పుడు గుళ్లె అడుగు వెట్టలె. నాకు తెల్వకుంటనే మొలిశింది" అంది. ఆ తర్వాత ఎవరు ప్రసంగం చేయాలి? ఆరో మెట్టులో ఆ వాడవాళ్లు తేల్చుకున్నది కూడా చిన్నదే: గల్ఫ్‌లో ఉన్న పిల్లలందరికీ ఆ వారం ఒక్కొక్కరు ఫోన్ చేయాలి, డబ్బుల మాట ఎత్తకుండా.

నడిపేవాళ్లకు రెండు సూచనలు. నిశ్శబ్దం మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, ఎవరో పాట అందుకుంటారు. సున్నితంగా ఆపండి, నాలుగైదు వారాల్లో అలవాటు పడతారు. రెండోది, కూడికలో బయటపడిన ఇంటి గుట్టు మర్నాడు బోరింగు దగ్గర వినిపించకూడదు. ఒక్కసారి వినిపించిందంటే ఆ తర్వాత జనం వాతావరణం గురించి మాత్రమే ప్రార్థన అంశాలు చెబుతారు.

కోతల రోజుల్లో కూడిక రద్దు చేయొద్దు, కల్లం దగ్గరికి మార్చండి. ఐకేపీ సెంటర్‌లో కాంటా కోసం వారం రోజులు కుప్ప దగ్గరే పడుకునేవాళ్లు ఉంటారు. అక్కడ పది నిమిషాలు కూర్చుని ఒక కీర్తన పాడి వచ్చినా చాలు. పక్క కుప్ప వాళ్లు ఏ మతంవాళ్లయినా, వాళ్ల వడ్ల కోసం కూడా ప్రార్థన చేసి రండి.

పిల్లలు, కుర్రాళ్లు

వీబీఎస్ (వేసవి సెలవుల బైబిలు బడి) మే నెలలోనే పెట్టాలి, బళ్లు జూన్ రెండో వారంలో తెరుస్తారు కాబట్టి. మన ఎండలకు పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర లోపే ముగించండి. పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, గది తలుపు తెరిచే ఉండాలి, ఇది ఎంత నమ్మకమైన మనిషికైనా వర్తిస్తుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

కుర్రాళ్లకు మీటింగులు కాదు, పని కావాలి. చర్చి వైరింగు, సౌండ్, ఎంజీఎం ఆసుపత్రిలో రోగుల వెంట ఉండే డ్యూటీ, డిగ్రీ అప్లికేషన్లు నింపడం, సమాధుల తోటలో తుమ్మ చెట్లు కొట్టడం అప్పగించి చూడండి. బెల్టు షాపు మీద ప్రసంగాలు వాళ్లు చాలా విన్నారు.

పరిచర్య: చర్చి గోడ అవతల

1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య తమిళదేశం నుంచి వచ్చి డోర్నకల్‌లో ఉన్నారు. ఆయన దగ్గర బాప్తిస్మం పొందినవాళ్లు తమ తల మీద చెయ్యి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అనే పౌలు మాట పలికేవారట. చదువు రాని కూలి మనిషి కూడా తన ఊరికి తానే బోధకుడని దాని భావం. కరపత్రాలు, మైకులు, బయటి నుంచి పిలిపించిన వక్తలతో నడిచే మూడు రోజుల సభలకు మనం పెట్టే ఖర్చు చూస్తే, ఆ పద్ధతి ఎంత చౌకో, ఎంత లోతో అర్థమవుతుంది.

పల్లెలో సంఘాన్ని ఊరంతా చూసేది ఎవరో చనిపోయినరోజు. దానికి ముందే ఒక జట్టును తయారు పెట్టుకోండి. కబురు అందిన గంటలో ఇద్దరు ఆ ఇంటికి చేరాలి. ఒకరు ఫ్రీజర్ బాక్సు, టెంటు చూడాలి. ఒకరు సమాధి తవ్వేవాళ్లతో మాట్లాడాలి. ఇద్దరు వంట చూడాలి, దూరం నుంచి వచ్చిన చుట్టాలు ఆకలితో ఉంటారు. పదకొండో రోజు దాకా ప్రతి రాత్రి ఎవరో ఒకరు వెళ్లి అరగంట కూర్చోవాలి. ఇదే జట్టు సంఘంలో లేని ఇంట్లో చావు జరిగినప్పుడు కూడా వెళ్లాలి. అక్కడ ప్రార్థన చేస్తామని అనొద్దు, కుర్చీలు మోయండి.

మేడారం జాతర ఏడాది ములుగు తోవలో మీ చర్చి ఉంటే, ముందు చలివేంద్రం పెట్టండి. ఎడ్లబండ్ల మీద, కాలినడకన పోయేవాళ్లకు నీళ్లు, మజ్జిగ ఇవ్వండి. గ్లాసుతోపాటు కరపత్రం ఇవ్వాలని కుర్రాళ్లు ఉబలాటపడతారు. వద్దని గట్టిగా చెప్పండి. మొక్కుకు పోయే మనిషి దాహాన్ని అవకాశంగా వాడుకోకూడదు, పైగా ఊళ్లో లేనిపోని తగాదా మొదలవుతుంది.

డిసెంబరు క్యారల్స్‌కు, ఊరేగింపులకు ముందుగా పోలీస్ స్టేషన్‌లో అర్జీ ఇచ్చి అనుమతి తీసుకోండి. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట మైకు వాడకూడదు. పదింటికి ఆగితే పొద్దున్నే పత్తికి పోయే మన అక్కలకు కూడా మేలే. క్యారల్స్‌లో కానుక డబ్బా తిప్పే ఆచారం నాకు నచ్చదు. నక్షత్రం వేలాడదీసిన ఇంటిముందు రెండు పాటలు పాడి, ఆ ఇంట్లో ముసలివాళ్ల చేతులు పట్టుకుని పలకరించి రావడమే పనిగా పెట్టుకోండి.

డబ్బు

కానుకలు లెక్కపెట్టేవాళ్లు ఎప్పుడూ ఇద్దరు, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. లెక్క అదే రోజు పలకపై రాసి చర్చి గుమ్మం దగ్గర పెట్టండి. బ్యాంకు ఖాతాకు రెండు సంతకాలు ఉండాలి. వంట చేసేటప్పుడు తీసి పెట్టే పిడికెడు బియ్యం అలవాటు ఉంటే కాపాడండి, లేకపోతే తిరిగి మొదలుపెట్టండి. నెలాఖరుకు వచ్చిన బియ్యాన్ని అమ్మి ఖాతాలో వేయకుండా నేరుగా ఆ నెల పని దొరకని ఇంటికి ఇవ్వడం మంచిది.

మన జిల్లాల్లో మరీ ముఖ్యమైనది బయటి దేశాల డబ్బు. దుబాయ్‌లో, సౌదీలో పనిచేసే మన పిల్లలు ఇంకా భారత పౌరులే. వాళ్లు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళంగా లెక్కకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న చుట్టం పంపితే మాత్రం, అతను ఈ ఊళ్లోనే పుట్టినా, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకైనా ఆ డబ్బు ముందు ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాకే రావాలి. చర్చి పైకప్పు కోసమని ట్రెజరర్ సొంత ఖాతాకు వేయించుకోవడం అసలు కుదరదు. అలాంటి చుట్టం ఉంటే డయోసిస్ ఆఫీసుతో మాట్లాడి తోవ అడగండి.

చివరి అడుగు: అప్పగింత పుస్తకం

అయ్యగారి బదిలీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. కొత్తగా వచ్చిన అయ్యగారు, అమ్మగారు ఊరు తెలుసుకోవడానికే ఏడాది పడుతుంది, ఈలోపు వాడ కూడికలు ఆగిపోతాయి. అందుకే సెక్రటరీ దగ్గర ఒక నోట్‌బుక్ ఉండాలి. అందులో డ్రాయింగ్ షీట్ క్యాలెండర్ నకలు, ఏ వాడ కూడిక ఏ రోజు ఎవరు నడుపుతున్నారు, మంచంలో ఉండి ఇంట్లోనే సంస్కారం తీసుకునేవాళ్ల పేర్లు, కన్ఫర్మేషన్ క్లాసు ఎక్కడిదాకా వచ్చింది, చావు జట్టు ఫోన్ నంబర్లు, స్టేషన్‌లో ఇచ్చిన అర్జీల నకళ్లు ఉండాలి. ఎవరికి ఎవరితో మాటల్లేవో ఆ పుస్తకంలో రాయొద్దు. అది కొత్త అయ్యగారు వచ్చిన మొదటి వారం, టీ తాగుతూ నోటితో చెప్పాల్సిన సంగతి.